1955 డిసెంబరులో ఫ్రెంచి సభ రద్దు కాకపోయి ఉంటే పుజాద్ పక్షం ఏమయ్యేది?

అనంతపురం పాఠకుడు:

మా నాన్నగారు పాతూరులో బట్టల అంగడి నడిపారు. సేల్స్ ట్యాక్సు వాళ్లు వస్తున్నారని కబురు అందగానే వీధి వీధంతా చిట్టా, ఆవర్జా సర్దుకొనే హడావిడి నాకు తెలుసు కనుక, పియెర్ పుజాద్ కథ చదివినప్పుడు అది పరాయి దేశపు కథగా తోచలేదు. పుస్తకాలు, కాగితాలు అమ్ముకొనే ఈ మనిషి 1953 జులైలో, నైరుతి ఫ్రాన్సులోని సాన్ సెరె పట్టణంలో, తోటి వర్తకులను కూడగట్టి పన్ను తనిఖీని అడ్డుకున్నాడు. రెండున్నరేళ్లు తిరగకుండానే, 1956 జనవరి 2న జరిగిన ఎన్నికల్లో ఆయన పక్షానికి సుమారు 25 లక్షల ఓట్లు, అంటే నూటికి 11కు పైగా, 50కి మించి స్థానాలు వచ్చాయి. ఆ ఎన్నికలు గడువుకు ముందే వచ్చినవి. ప్రధాని ఎడ్గార్ ఫోర్ సభను రద్దు చేయకుండా, 1956 వేసవిలో గడువు ప్రకారమే ఎన్నికలు జరిపించి ఉంటే ఈ పక్షం ఇంకా పెరిగేదని నా ఊహ. మీరేమంటారు?

ప్రొద్దుటూరు నుంచి ఒక అధ్యాపకుడు:

తేదీ కంటే ఎన్నికల చట్టాన్ని మార్చి చూడండి, అసలు కీలకం అక్కడుంది. 1951 నాటి చట్టం ప్రకారం పొత్తు ప్రకటించుకున్న జాబితాలన్నీ కలిసి ఒక నియోజకవర్గంలో సగానికి మించి ఓట్లు తెచ్చుకుంటే అక్కడి స్థానాలన్నీ వాటికే దక్కేవి; లేకుంటే దామాషా లెక్క, అంటే ఓట్ల నిష్పత్తిలో స్థానాలు. 1956లో మధ్యేవాదులు మాజీ ప్రధాని పియెర్ మెండెస్ ఫ్రాన్స్ వెనుక కొందరు, ఫోర్ వెనుక కొందరుగా చీలిపోయారు. విచిత్రమేమంటే ఈ ఇద్దరూ ఒకే ర్యాడికల్ పార్టీ మనుషులు. చీలిక వల్ల పొత్తులు చాలాచోట్ల సగం దాటలేదు, దామాషా అమలైంది, పుజాద్ లాభపడ్డాడు. ఆ ఇద్దరూ రాజీపడి ఉంటే అవే 25 లక్షల ఓట్లకు ఇప్పుడు వచ్చిన స్థానాల్లో సగం కూడా వచ్చేవని నేననుకోను. మన అనుభవమే చూడండి: 2009లో ప్రజారాజ్యానికి సుమారు 16 శాతం ఓట్లు వస్తే 294లో దక్కినవి 18 స్థానాలు. పుజాద్ పక్షం ఓట్ల శాతం అంతకంటే తక్కువ.

ఆదోని పాఠకురాలు:

అధ్యాపకులవారి లెక్క సరైనదే కానీ, వేసవి ఎన్నికల సంగతి ఆయన వదిలేశారు. ఆ వర్తకుల కోపం ఎక్కడ పుట్టిందో గుర్తుంచుకోవాలి. ధరలు ఏటేటా పెరుగుతున్నంత కాలం చిన్న అంగళ్లవాళ్లు సరుకు నిల్వ మీదే బతికారు, పన్ను బాకీల బరువు దానంతటదే తగ్గేది. 1952లో ప్రధాని పినే ప్రభుత్వం ధరలను నిలబెట్టాక ఆ వెసులుబాటు పోయింది, తనిఖీ అధికారి మాత్రం మిగిలాడు. అల్జీరియా యుద్ధఖర్చులతో ధరలు మళ్లీ ఎగబాకేసరికి ఈ కోపం చల్లారక తప్పదు. 1957 జనవరిలో పారిస్ ఉప ఎన్నికలో పుజాద్ స్వయంగా నిలబడి ఘోరంగా ఓడిపోవడం నా మాటకు బలమిస్తుంది. అయితే ఒక చిక్కు ఉంది. జనవరి ఎన్నికలు లేకపోతే సోషలిస్టు నాయకుడు గై మొలే ప్రధాని కాడు, ఫిబ్రవరిలో అప్పటి ఫ్రెంచి పాలనలోని అల్జీరియా రాజధాని అల్జీర్సులో, అక్కడ స్థిరపడ్డ ఫ్రెంచివాళ్ల చేత ఆయన మీద టమాటాలు పడవు, ఆ తర్వాత అల్జీరియా విధానం ఎటు తిరిగేదో ఊహించడం కష్టం. తేదీ ఒక్కటే మార్చి మిగతాదంతా యథాతథంగా ఉంచుకోవడానికి వీల్లేదు.

అనంతపురం పాఠకుడు:

చట్టం విషయంలో ఒప్పుకుంటున్నాను. అధ్యాపకులవారి వాదనకు 1958 కూడా సాక్ష్యమే: డిగాల్ హయాంలో రెండు విడతల పోలింగు పద్ధతి వచ్చేసరికి ఈ పక్షం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది, 1956లో దాని టికెట్టు మీద గెలిచిన, తర్వాత కాలంలో తీవ్ర మితవాద నాయకుడిగా పేరుపడిన జాన్-మరీ లె పెన్ వేరే పార్టీ తరఫున సభకు తిరిగి వచ్చాడు. నా ప్రశ్నలో ఒక్క ముక్క మాత్రం వదులుకోలేను. 1956లో గెలిచినవారిలో 11 మంది ఎన్నికను సభే రద్దు చేసింది. ఒకే ఉద్యమం వేర్వేరు పేర్లతో జాబితాలు పెట్టి, వాటి మధ్యే పొత్తు ప్రకటించుకుందన్నది అభ్యంతరం. ఆరు నెలలు అదనంగా దొరికి, ఒక మంచి ప్లీడరు సలహా తీసుకొని ఉంటే, ఆ 11 స్థానాలైనా నిలిచేవి కావా?