సింహపు తోక కోతులకు జోడీలు కంప్యూటర్ చెప్పినట్టే కలపాలా?

వండలూరు వాసు: మన జూలో ఈ కోతుల్ని జాతి నిలపడానికి పెంచుతున్నారు. జోడీల ఎంపిక పీఎమ్‌ఎక్స్ అనే వంశావళి సాఫ్ట్‌వేర్ లెక్కకే వదిలేయాలంటాను. మీన్ కిన్‌షిప్, అంటే మిగతావాటితో సగటు చుట్టరికం, తక్కువున్నదానికి చుట్టాలు తక్కువ, దాని జన్యువులు అరుదు. ముందు దానికే పిల్లలు పుట్టాలి. 2 మగ, 18 ఆడ ఉంటే 20 ఉన్నాయనుకుంటాం. కానీ జన్యువైవిధ్యం లెక్కలో అవి ఎన్నింటికి సమానమో చెప్పే ప్రభావ సంఖ్య 4×2×18÷20, అంటే 7.2. తరానికి దాదాపు 7 శాతం వైవిధ్యం పోతుంది. వందేళ్లకు 90 శాతం నిలపాలన్న లక్ష్యం రెండో తరానికే గల్లంతు.

అడయారు సుధ: ఒకే ఎన్‌క్లోజర్‌లో రెండు మగవుంటే తండ్రి పేరు స్టడ్‌బుక్‌లో (వంశావళి పుస్తకంలో) ‘తెలియదు’. దాన్ని చుట్టరికం లేని కొత్త జంతువుగా ఎక్కిస్తే, లేని వైవిధ్యం ఉన్నట్టు చూపిస్తుంది.

వాసు: రెండింటికీ తండ్రయ్యే అవకాశం చెరి 0.5 ఇవ్వండి. పీఎమ్‌ఎక్స్ తీసుకుంటుంది.

సుధ: అది సర్దుబాటేగా? కుదుళ్లతో సహా వెంట్రుకలు తీసి డీఎన్‌ఏ చూడాలి. పిల్లవి, తల్లివి, రెండు మగవాటివి కావాలి. ఆ మగవి అన్నదమ్ములైతే నాలుగైదు మార్కర్లతో (డీఎన్‌ఏ గుర్తులతో) తేలదు.

పెరంబూరు రమణ: తండ్రి దగ్గరే ఆగిపోయారిద్దరూ. మంద భవిష్యత్తు చూపే వోర్టెక్స్ ప్రోగ్రామ్ నడపండి!

వాసు: వోర్టెక్స్ జోడీలు చెప్పదండీ. మరణాల రేటు, ఈనే వయసు ఇచ్చి వెయ్యిసార్లు నడిపితే ఎన్నిసార్లు మంద అంతరించిందో చెబుతుంది. సుధగారూ, అసలు మీకు ఏ లెక్కా నచ్చదు. ప్రతి సిఫారసుకీ ఒక లొసుగు పట్టుకుంటారు.

సుధ: నా కోపం లెక్క మీద కాదు! మీ పీఎమ్‌ఎక్స్ జాబితా ఆడకోతిని వేరే జూకి పంపమంటుంది. ఈ జాతిలో ఆడవి పుట్టిన మందలోనే ఉంటాయి, తల్లీ అక్కల మధ్య పిల్లను సాకడం నేర్చుకుంటాయి. బయటికెళ్లేవి మగవి. కాన్పుకు ఒక్కటే పిల్ల. విడదీసిన తల్లి దాన్ని దగ్గరికి తీయకపోతే ఆ అరుదైన జన్యువులు ఎక్కడుంటాయి?

వాసు: అడవికి పంపాలంటే వైవిధ్యం ఉండాలి కదా.

సుధ: మందలో బతకడం రానిది అడవిలో బతుకుతుందా? మగవాటినే తిప్పండి. ఒక తరంలో 6 మగవాటికి సమానంగా పిల్లలు పుడితే 4×6×18÷24, అంటే 18. నష్టం 2.8 శాతానికి దిగుతుంది.

కీల్పాక్ శ్రీను: చంటిపిల్లలున్నప్పుడు కొత్త మగను వదలొద్దు, పిల్లలకు ముప్పు. ముందు జాలీ అవతల ఉంచి అలవాటు చేయాలి.

వాసు: ఆ ఆరూ చుట్టాలు కాకపోతేనే 18. వాటిని ఎంచడానికైనా మీన్ కిన్‌షిప్పే దిక్కు. సరే, ఒక్క ఆడదే మిగిలిన వంశం సంగతేంటి? అదైనా పంపాలా వద్దా?

సుధ: వద్దు. మగనే దాని మందలోకి తెండి.