క్రిస్మస్ దుప్పట్లు: స్టేజీ మీద ఇవ్వాలా, ఇంటికెళ్లి ఇవ్వాలా?

వికారాబాద్ తమ్ముడు

అందరికీ వందనాలు. మాది వికారాబాద్ జిల్లాలో ఒక చిన్న మెథడిస్ట్ సంఘం. వంద గడప కూడా ఉండదు. సగం మంది కూలికి పోయేవాళ్లు, ఇంకొందరు పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కి హైదరాబాద్‌లో పని చేసుకుని రాత్రికి తిరిగొచ్చేవాళ్లు. ఈ ఏడు సహాయ నిధి లెక్క నా చేతిలో పెట్టారు. నాకింకా ముప్పై నిండలేదు, కమిటీలో మిగతావాళ్లంతా మా నాన్న వయసువాళ్లు.

నిధి ఎలా పోగవుతుందంటే, ముందుగా పిడికెడు బియ్యం. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఆడవాళ్లు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు, నెలాఖరు ఆదివారం ఆ డబ్బా మందిరానికి తెస్తారు. తర్వాత కోత పండుగ వేలం. గుమ్మడికాయలు, కోళ్లు, కంది, జొన్న, ఎవరి చేతనైంది వాళ్లు తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం పాట. పంతం మీద పాడితే ఒక్కో నాటుకోడి బజారు ధరకు నాలుగింతలు పలుకుతుంది, గెలిచినాయన దాన్ని మళ్లీ వేలానికే ఇచ్చేస్తాడు. ఇవి కాక ఒకరిద్దరు పెద్ద చేతులు.

చిక్కు ఆ పెద్ద చేతి దగ్గరే. మా సంఘంలో కాంట్రాక్టులు చేసే అన్న ఒకాయన ఈ క్రిస్మస్‌కు దుప్పట్లు ఇస్తానన్నాడు. స్టేజీ వేయాలి, వెనక ఫ్లెక్సీ ఉండాలి, పేరు పిలిస్తే ఒక్కొక్కరు వచ్చి తీసుకోవాలి, ఫోటోలు దిగాలి. లిస్టులో మా వీధి విధవరాలు ఒకామె ఉంది. పేరు రాసుకోవడానికి వెళ్తే, "మందిరంలో అందరి ముందు పిలుస్తారా బాబూ?" అని అడిగి లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ బయటికి రాలేదు.

ఇంకో రెండు సందేహాలున్నాయి. లిస్టులో సంఘం బయటివాళ్లు కూడా ఉన్నారు. మనవాళ్లకే చాలడం లేదు, బయటివాళ్లకెందుకు అని కొందరు పెద్దలు అంటున్నారు. బయటివాళ్లకిస్తే మతం మార్చడానికే ఇచ్చారంటారని ఇంకొందరి భయం. రెండోది, ఇంగ్లండ్‌లో ఉన్న మా మేనమామ నిధికి డబ్బు పంపుతానంటున్నాడు, నా ఖాతాలో వేయించుకోవచ్చా?

జహీరాబాద్ టీచరమ్మ

బాబూ, వందనాలు. టీచరుగా రిటైరయ్యాను, మా స్త్రీల సమాజానికి చాలా ఏళ్లు సెక్రటరీగా చేశాను. కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తా, ఓపిగ్గా చదువు.

ముందు, ఆ దుప్పట్లు ఎవరడిగారు? డిసెంబర్ వస్తే అందరికీ దుప్పట్లే గుర్తొస్తాయి. క్లబ్బులవాళ్లు ఇస్తారు, పార్టీలవాళ్లు ఇస్తారు, మనమూ ఇస్తాం. మా దగ్గర ఒక ముసలామె ట్రంకుపెట్టెలో కవరు విప్పని దుప్పట్లు దొంతరగా ఉన్నాయి. మనవరాలి ఇంటర్ పరీక్ష ఫీజుకు మాత్రం ఆమె చెవికమ్మలు కుదువ పెట్టింది. ఆ సంగతి మాకు తెలిసేసరికి ఫీజు గడువు దాటి ఫైన్ కూడా పడింది.

అవసరం డిసెంబర్‌లో వరసకట్టి రాదు. జూన్‌లో నోటుబుక్కులు, బూట్లు. ఎండాకాలం చేలల్లో పని ఉండదు, అప్పుడు బియ్యం. ఇంట్లో చావు జరిగితే పొయ్యి వెలగదు. మా దగ్గర మూడు రోజులు ఏ పూట ఎవరింటి నుంచి అన్నం పోవాలో సమాజం తేలుస్తుంది. పెట్టె ఖర్చు, గుంత తవ్వేవాళ్ల కూలి నిధిలోంచి వెళ్తాయి. ఆ ఇంటివాళ్లు ఆ మూడు రోజులు పర్సు తీయాల్సిన పని ఉండకూడదు. అంతే మా రూలు.

ఆసుపత్రి సంగతి ఇంకా వేరు. ఇక్కడ చూసి గాంధీకో ఉస్మానియాకో రాసిస్తే రోగి కంటే వెంట పోయేవాడికే టెన్షన్. ఏ కౌంటర్, ఏ కాగితం, ఆరోగ్యశ్రీకి ఎవరిని అడగాలి, రాత్రి ఎక్కడ పడుకోవాలి. మా యూత్‌లో ఆ దారులన్నీ తిరిగి తెలుసుకున్న పిల్లలు ఇద్దరున్నారు. వాళ్లకు బస్సు ఛార్జీ, భోజనం డబ్బు ఇచ్చి తోడు పంపుతాం. నన్నడిగితే మా నిధి చేసిన అన్ని ఖర్చుల్లోకి అదే మంచి ఖర్చు.

ఇక ఇచ్చే పద్ధతి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఇద్దరు ఆడవాళ్లు వెళ్తారు. బియ్యం మామూలు సంచిలోనే పోస్తాం, చర్చి పేరు అచ్చేసిన సంచి వాడం. వెళ్లిన వెంటనే సంచి ఇచ్చి లేచి రాకూడదు, కూర్చోవాలి. వాళ్లు టీ పెడతామంటే వద్దనకూడదు. మనం ఇచ్చింది వాళ్లు తీసుకోవాలి గానీ వాళ్లిచ్చింది మనం తాగం అంటే, ఆ ఇంటికి మళ్లీ వెళ్లే ముఖం మనకుండదు. ఆ టీ దగ్గరే అసలు సంగతులన్నీ బయటపడతాయి. పరీక్ష ఫీజు మాట అక్కడే వస్తుంది, స్టేజీ మీద ఎవరూ చెప్పుకోరు.

కాంట్రాక్టరు అన్నతో పోట్లాడకు. వెంట తీసుకుపో. మా దగ్గర కిరాణా కొట్టాయన ఒకాయన ఇలాగే ఫ్లెక్సీ అన్నాడు. రెండు ఇళ్లకు తీసుకెళ్లాం. ఒక ఇంటి రేకులు చూసి ఏమీ మాట్లాడలేదు, మర్నాడు కొత్త రేకులు పంపాడు. ఇంకొకాయనను కూడా అలాగే తీసుకెళితే లోపలికొచ్చి సెల్ఫీ తీసుకున్నాడు. అందరూ ఒక్కలా ఉండరు, ఆ సంగతీ చెప్తున్నా.

సంఘం బయటివాళ్ల గురించి: లిస్టులో మతం గడి ఉంటే తీసెయ్. ప్రార్థన చేయమని వాళ్లే అడిగితే చేస్తాం, అడగకపోతే సంచి పెట్టి మాట్లాడి వస్తాం. ఇచ్చే రోజు ప్రార్థన కూటం పెట్టం, కూటం రోజు ఇవ్వం. ఈ రెండూ కలపనంత కాలం మా ఊళ్లో ఎవరూ ఏమీ అనలేదు. ధారూర్ జాతరకు వెళ్లే ఉంటావు కదా. 1923 నుంచీ నవంబర్‌లో జరుగుతున్న జాతర. చెట్ల కింద గుడారాల్లో వంట చేసుకునేటప్పుడు ఉల్లిగడ్డ అయిపోతే పక్క గుడారంలో అడిగి తెచ్చుకుంటాం, ఏ ఊరు, ఏ సంఘం అని ఎవరైనా అడుగుతారా?

లెక్కల మాస్టారు

టీచరమ్మ గారు చెప్పింది వినడానికి బాగుంది. కానీ ఫోటో అనగానే తప్పు అనేయకండి. నేను ఇంతకు ముందున్న సంఘంలో దీపాలు పెట్టే వేళకు ఇచ్చామన్న బియ్యం సగం ఇళ్లకు చేరనే లేదు. ఎవరికీ తెలియకుండా ఇవ్వడంలో ఆ ప్రమాదం ఉంది. ఫోటో అడిగేవాళ్లందరూ పేరు కోసమే అడగరు, కొందరు నమ్మకం పోయి అడుగుతారు.

అయితే దానికి మందు ఫోటో కూడా కాదు. తమ్ముడూ, రిజిస్టర్ పెట్టు. ఇంటికి ఒక నంబరు. పేర్లు, నంబర్లు కలిపి ఉన్న కాగితం పాస్టరు అయ్యగారి బీరువాలో ఒక్కటే ఉండాలి. ఇచ్చిన ప్రతిసారీ వెళ్లిన ఇద్దరూ సంతకం చేయాలి, ఆ ఇద్దరు ఒకే ఇంటివాళ్లు కాకూడదు. నెలకోసారి నోటీసు బోర్డు మీద ఎంత వచ్చింది, ఎంత పోయింది, బియ్యం ఎన్ని కిలోలు, మందులకెంత అని మొత్తాలు మాత్రం పెట్టు. పేరు ఒక్కటి కూడా వద్దు. కాంట్రాక్టరు గారికి పన్ను రాయితీ ఆశ ఉంటే, మీకిచ్చే విరాళానికి ఆ రాయితీ వర్తిస్తుందో లేదో ముందు డి.ఎస్. (డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్) గారి ఆఫీసులో కనుక్కో. వర్తించినా నగదు రూపంలో 2,000 రూపాయలు దాటిన విరాళానికి రాయితీ రాదు, చెక్కో ఆన్‌లైనో అడుగు.

బర్మింగ్‌హామ్ సిస్టర్

నేను ఇక్కడ నర్సుగా పనిచేస్తున్నాను, ఆదివారాలు ఒక మెథడిస్ట్ చర్చికి వెళ్తాను. మీ మేనమామ ప్రశ్న నాకూ ఎదురైంది కాబట్టి చెప్తున్నా.

ఆయన దగ్గర ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, తన సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపినది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు కాపీ, ఆయన రాసిచ్చిన ఉత్తరం ఫైల్లో పెట్టుకోండి. బ్రిటిష్ పౌరసత్వం తీసుకుని ఉంటే ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా లాభం లేదు, అది విదేశీ విరాళమే. తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే రావాలి. 2020 సవరణ తర్వాత ఈ నిబంధన వచ్చింది. ఏదైనా సరే నీ సొంత ఖాతాలోకి మాత్రం వద్దు తమ్ముడూ. ఇవాళ అందరూ నిన్ను నమ్ముతారు, రేపు కమిటీ మారుతుంది.

ఇక్కడి సంగతి కొంచెం చెప్తా. ఫుడ్ బ్యాంకులు చాలాచోట్ల వోచర్ మీద నడుస్తాయి. డాక్టరో, సలహా కేంద్రంవాళ్లో వోచర్ రాసిస్తే కనీసం మూడు రోజుల సరుకు ఇస్తారు. మా చర్చి హాల్లో సరుకు సర్దుతుండగా వచ్చినవాళ్లకు టీ ఇచ్చి పక్కన కూర్చుంటాం. టీచరమ్మ గారి టీ మాట చదివి నవ్వుకున్నా, ఇక్కడ టీ ఇచ్చేది మేమే. ఫోటోల విషయంలో మాత్రం చాలా గట్టిగా ఉంటారు. పిల్లల ఫోటో తల్లిదండ్రుల అనుమతి లేకుండా తీయడానికి లేదు, వాలంటీర్లందరికీ దాని మీద శిక్షణ ఉంటుంది.

బయటివాళ్లకెందుకు అన్న పెద్దలకు మెథడిస్ట్ ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ గారి సంగతే చెప్పు. 1785 జనవరిలో ఆయనకు 81 ఏళ్లు. ఏటా ఆ కాలంలో పేదలకు బొగ్గు, రొట్టె పంచేవాళ్లు. ఆ ఏడు బట్టలు కూడా కావాలనిపించి, చీలమండ లోతు కరుగుతున్న మంచు తొక్కుతూ లండన్ వీధుల్లో ఐదు రోజులు తిరిగి 200 పౌండ్లు అడుక్కున్నారు. అదే ఏడు లండన్‌లో స్ట్రేంజర్స్ ఫ్రెండ్ సొసైటీ అని ఒకటి పుట్టింది. మెథడిస్టులే నడిపారు, సాయం మాత్రం ఎవరూ దిక్కులేని పరాయివాళ్లకే. రోగుల ఇళ్లకు వెళ్లి చూసి ఇచ్చేవాళ్లు.

మెదక్ వాసి

మెదక్ చర్చి చూడండి. పాస్నెట్ దొర కరువు కాలంలో జనానికి ఊరికే పంచకుండా పని ఇచ్చి, కూలి ఇచ్చి కట్టించారు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. మెథడిస్టులు అప్పుడే చూపించిన దారి అది. మీరూ పని చూపించండి, అప్పుడు స్టేజీ గొడవే ఉండదు.

లెక్కల మాస్టారు

పని ఇవ్వమన్న మాట బాగుంది. ఒక్క చిన్న సవరణ. మెదక్ కట్టింది ఇంగ్లండ్ నుంచి వచ్చిన వెస్లియన్ మిషన్‌వాళ్లు, 1947లో వాళ్లు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో కలిశారు. తమ్ముడి సంఘం అమెరికా మిషన్ వరుసలోది, ఆ కలయికలో చేరలేదు. 1981లో మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాగా సొంత కాళ్ల మీద నిలబడింది. ఇద్దరికీ తాత వెస్లీయే లెండి. ఇంకోటి, డెబ్బై ఏళ్ల ముసలామెకు ఏం పని చూపిస్తారు?

వికారాబాద్ తమ్ముడు

అందరికీ థ్యాంక్స్. నిన్న కమిటీలో మాట్లాడా. స్టేజీ మొత్తం మానేయడానికి ఒప్పుకోలేదు. ఆ రోజు పిల్లలకు కేకు, అందరికీ బిర్యానీ స్టేజీ దగ్గరే పెట్టి, దుప్పట్లు మాత్రం ఇళ్లకు వెళ్లి ఇద్దామన్న దాకా వచ్చారు. ఫ్లెక్సీ మీద పండుగ శుభాకాంక్షలతో ఆ అన్న ఫోటో ఉంటుందట, ఉండనీ. దుప్పట్ల సంఖ్య తగ్గించి మిగిలిన డబ్బు జూన్‌కు దాచమని అడిగితే ఆలోచిస్తానన్నాడు. ఎండాకాలంలో మందిరం గోడకు సున్నం వేసే పని బయటి మేస్త్రీకి కాకుండా మనవాళ్లలో పని లేనివాళ్లకే ఇవ్వాలని ఖాయమైంది. మెదక్ అన్నకు వందనాలు.

మా మామ బ్రిటిష్ పౌరసత్వం ఎప్పుడో తీసుకున్నాడు, కాబట్టి ఆ డబ్బు సంగతి డి.ఎస్. గారి దగ్గర తేలాలి.

టీచరమ్మా, ఇంకో ప్రశ్న. మీలాగా ఎండాకాలం దాకా బియ్యం దాచుదామంటే పురుగు పడుతోంది. అందరి డబ్బాల్లోంచి వచ్చినవి కదా, సన్నవి, దొడ్డువి, రేషన్‌వి అన్నీ కలిసిపోతున్నాయి. తీసుకున్నవాళ్లు వండితే కొంత ఉడికి కొంత పలుకుగా ఉంటోందట.

జహీరాబాద్ టీచరమ్మ

కలపొద్దు బాబూ. డబ్బాలు తెచ్చిన రోజే మూడు గోనె సంచుల్లోకి వేరు చేయండి, ఆ పని ఆరాధన అయ్యాక ఇద్దరు కూర్చుంటే అయిపోతుంది. సంచి అడుగున, మధ్యలో బాగా ఎండిన వేపాకు వేయండి. పచ్చిది వేస్తే చెమ్మ పట్టి ఇంకా చెడుతుంది. నేల మీద పెట్టకుండా చెక్క బల్ల మీద, గోడకు ఆనకుండా ఉంచండి. అయినా నాలుగు నెలలు దాటనివ్వకండి. పాతవి ముందు ఇచ్చేసి కొత్తవి వెనక పెట్టండి. సంచి మీద నెల పేరు సుద్దతో రాయండి, మా ఆడవాళ్లు రాయడం మర్చిపోతే నేను ఇప్పటికీ కోప్పడతాను.

అవునూ, ఆ విధవరాలి ఇంటికి ఎవరు వెళ్తున్నారు? నువ్వు వెళ్లకు, మీ అమ్మను పంపు.