టెయిల్ లైట్‌లో ఎల్‌ఈడీ స్ట్రిప్: బ్రేక్ తొక్కితే ఇండికేటర్ కూడా మినుకుమంటోంది

అందరికీ నమస్కారం. నా పాత హ్యాచ్‌బ్యాక్ వెనక లైట్లలో ఎర్ర ఎల్‌ఈడీ స్ట్రిప్ నేనే పెట్టాను. హీట్ గన్‌తో అద్దం ఊడదీసి, స్ట్రిప్ అంటించి, బ్యుటైల్ సీలెంట్‌తో మూసేశా. లోపల 21/5 వాట్ల రెండు ఫిలమెంట్ల బల్బు (21 బ్రేక్‌కి, 5 పార్కింగ్‌కి). స్ట్రిప్ పాజిటివ్‌ను పార్కింగ్ వైరుకి, నెగటివ్‌ను బల్బు హోల్డర్ ఎర్త్ వైరుకే కలిపాను.

పార్కింగ్ లైటు వేస్తే బ్రహ్మాండంగా ఉంది, పక్కింటాయన కూడా వచ్చి చూశాడు. బ్రేక్ తొక్కితేనే గొడవ: ఎడమ వైపు స్ట్రిప్ మసకబారి, ఇండికేటర్ సన్నగా వెలుగుతోంది. కుడి వైపు మామూలుగానే ఉంది. ఎర్త్ సరిగా అందక కరెంటు వేరే ఫిలమెంట్ గుండా తిరిగి వెళ్తోందని నా అనుమానం. బాడీ నుంచి విడిగా ఎర్త్ లాగితే సరిపోతుందా, కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్ కూడా వేయాలా?

ఇంకొకటి. మొన్నటి వానకి అదే వైపు అద్దం లోపల ఆవిరి పట్టింది. మళ్లీ ఊడదీయకుండా ఆరబెట్టే దారుందా?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 సంగతి తెలుసు, ఆర్సీకి విరుద్ధంగా బండి మార్చకూడదని. ఎరుపు తప్ప వేరే రంగు వేయలేదు, మిణుకు మోడ్ కూడా లేదు. అయినా ఇబ్బందేనా? చెప్పండి, పీకేస్తాను.