జూట్‌కు తెలుగు మాట జనపనారేనా?

నెల్లిమర్లలో చదువుతున్న మా మేనకోడలు నిన్న ఫోను చేసింది. "మామయ్యా, జూట్ అంటే జనపనార అని రాశాను. తాతయ్య కాదంటున్నారు. ఎవరిది సరి?" తాతయ్యదే సరి అన్నాను. ఆయన గోగు పండించిన రైతు.

జనపనార అంటే జనుము నార. జనుము మనకు తెలిసిందే, పసుపు పూలు పూస్తుంది, పచ్చిరొట్ట కోసం వేసి దున్నేస్తాం. బెంగాల్లో జూట్ ఇచ్చే మొక్క వేరే జాతి. మన శ్రీకాకుళం, విజయనగరం రైతులు జూట్ మిల్లుల కోసం పండించింది గోగు, అంటే గోంగూర పేరులో ఉన్న గోగే. ఆమదాలవలస పరిశోధన స్థానం రూపొందించిన నార రకాలూ గోగువే. మూడు వేర్వేరు మొక్కలను ఒక్క మాటలో కలిపేస్తే ఊళ్లో అందరికీ తెలిసిన తేడా పిల్లలకు తెలియకుండా పోతుంది. నా బాధ అదే.

జూట్ అన్న మాట 18వ శతాబ్దంలో బెంగాలీ 'ఝుటో' నుంచి ఇంగ్లీషులోకి వెళ్లింది. దాని మూలం సంస్కృతంలోని 'జూట', అంటే మెలితిరిగిన జుట్టు. శివుడి జటాజూటంలో వింటున్నది ఈ మాటే. ఒడియాలో ఈ నారను ఝొట అంటారు. ఇచ్ఛాపురం వైపు వాళ్లకు ఇది కొత్త కాదు.

నారకు జుట్టు పేరేమిటని ఎవరైనా అడిగితే చెరువుగట్టుకు తీసుకెళ్లాలి. గోగు కట్టలను నీళ్లలో ముంచి, పైన బరువు పెట్టి, రెండు మూడు వారాలు ఊరనిస్తారు. ఆ కుళ్లు వాసన వీధి చివరిదాకా వస్తుంది. నాన్న మోకాలిలోతు నీళ్లలో నిలబడి, కాడ మొదలు చితక్కొట్టి ఒక్క లాగు లాగితే నార మొత్తం చేతిలోకి వచ్చేది, తెల్లటి పుల్ల నీళ్లమీద తేలేది. జాడించిన నారను వెదురు దండేల మీద ఆరవేస్తే, తలంటుకున్న ఆడవాళ్లు వరసగా నిలబడి జుట్టు ఆరబెట్టుకుంటున్నట్టే ఉండేది. బెంగాల్లో ఆ పేరు పెట్టినవారూ ఇలాంటి దండేన్నే చూసి ఉంటారని నా నమ్మకం.

గోనె సంగతీ ఇలాంటిదే. ఇంగ్లీషు 'గన్నీ', మన గోనె, రెండూ సంస్కృత 'గోణీ' నుంచి వచ్చాయి. సంచి అనే అర్థంలో ఈ మాట పాణిని సూత్రాల్లోనే ఉంది.

మేనకోడలి చేత చివరికి ఇలా రాయించాను: "మా ఊరి మిల్లు నార గోగునార." పాలకొండ, పార్వతీపురం వైపు వాళ్లు నార ఒలిచాక మిగిలే పుల్లను ఏమంటారో రాయండి.