క్లయింట్ బ్యాక్ బటన్ ఆపేయమంటున్నాడు. ఆపాలా, వద్దా?

కొత్తకోడ్_బెజవాడ
అందరికీ నమస్కారం. ఒక ప్రైవేటు కాలేజీల గ్రూపుకి అడ్మిషన్ అప్లికేషన్ చేస్తున్నాం. రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో ఒకటే పేజీ, లోపల అయిదు దశలు: విద్యార్థి వివరాలు, తల్లిదండ్రులు, మార్కులు, ఫోటో-సంతకం, ఫీజు. దశ మారినా పైన అడ్రస్ మారదు. నాలుగో దశలో ఉన్న పిల్లవాడు మూడో దశకి వెళ్దామని ఫోన్‌లో బ్యాక్ నొక్కితే నేరుగా గూగుల్‌లోకి వెళ్ళిపోతున్నాడు. నింపిందంతా గోవిందా.

క్లయింట్ "బ్యాక్ పనిచేయకుండా చేసేయండి" అన్నాడు. మా సీనియర్ చెప్పినట్టే చేశాను. పేజీ తెరవగానే పుష్‌స్టేట్ అనే ఆదేశంతో బ్రౌజర్ హిస్టరీలో (బ్యాక్ నొక్కితే వెళ్ళే పేజీల వరస) ఒక దొంగ ఎంట్రీ పెట్టడం, బ్యాక్ నొక్కితే వచ్చే పాప్‌స్టేట్ అనే ఈవెంట్ రాగానే మళ్ళీ ఇంకోటి పెట్టడం. ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో మొదటిసారి ఆగుతుంది, వెంటనే రెండోసారి నొక్కితే బయటికి పోతుంది. గట్టిగా ఆపే దారి ఉందా? అసలు ఆపడం సరైనదేనా?

పాతకాపు
మొదటి ప్రశ్నకి జవాబు "లేదు", రెండోదానికి "కాదు".

ప్రకటనల సైట్లు జనాన్ని పేజీలో బంధించడానికి వాడిన ట్రిక్కే మీ సీనియర్ నీకు నేర్పాడు. క్రోమ్ 2019లోనే దీన్ని పట్టేసింది. యూజర్ పేజీని ముట్టుకోకుండా స్క్రిప్టు తనంతట తాను పెట్టిన ఎంట్రీలను బ్యాక్ నొక్కినప్పుడు దాటేసి పోతుంది. ల్యాప్‌టాప్‌లో నువ్వు మధ్యలో ఎక్కడో క్లిక్ చేసి ఉంటావు, అందుకే ఆగింది.

చేయాల్సింది ఇది. అయిదు దశలకి అయిదు అడ్రస్‌లు ఇవ్వు. "తర్వాత" నొక్కగానే పుష్‌స్టేట్. పాప్‌స్టేట్ వచ్చినప్పుడు అడ్రస్ చూసి ఆ దశ గీయి. అంతే. మేము ఈ పనిని ఏ వసతీ లేని రోజుల్లో చేశాం. 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ (ఐఈ) 5తో మైక్రోసాఫ్ట్ పేజీ కదలకుండా డేటా తెచ్చే వస్తువు ఇచ్చింది, 2005లో దానికి అజాక్స్ అని పేరు వచ్చింది, ఆ రోజు నుంచీ బ్యాక్ విరిగింది. కనపడని ఐఫ్రేమ్ (పేజీ లోపల ఇంకో పేజీ) పెట్టి, అడ్రస్‌లో # తర్వాత భాగం మారిందా అని టైమర్‌తో పదే పదే చూసుకుంటూ నెట్టుకొచ్చాం. ఐఈ 8లో # భాగం మారగానే చెప్పే హ్యాష్‌చేంజ్ ఈవెంట్ వస్తే పండగ చేసుకున్నాం. ఇప్పుడు అన్నీ చేతిలో పెట్టినా బ్యాక్‌ని ఆపేస్తానంటే ఎట్లా?

హ్యాష్‌బాబు
అన్నా, # ఎందుకు వదిలేయాలి? # తర్వాత భాగం సర్వర్‌కి వెళ్ళదు. కాబట్టి మూడో దశలో రిఫ్రెష్ కొట్టినా 404 (పేజీ దొరకలేదు) రాదు. పుష్‌స్టేట్‌తో మామూలు అడ్రస్ పెడితే, సర్వర్‌లో ఆ దారులన్నీ ఒకే పేజీకి మళ్ళించాలి. అది మర్చిపోయే టీములే ఎక్కువ.

ఫిన్‌టెక్_బావ
పాతకాపు గారు పాఠం బాగా చెప్పారు. కానీ అయిదో దశ ఫీజు అని ఆయన చదివినట్టు లేదు.

నేను పేమెంట్ స్క్రీన్ల మీద పనిచేస్తాను. పేమెంట్ మధ్యలో యూజర్ వెనక్కి వెళ్తాడు, మళ్ళీ ముందుకొస్తాడు, మళ్ళీ "చెల్లించు" నొక్కుతాడు. డబ్బు రెండుసార్లు కట్ అవుతుంది. రాత్రి ఫోన్ ఎవరికి వస్తుంది? నాకు. "దయచేసి రిఫ్రెష్ గానీ బ్యాక్ గానీ నొక్కవద్దు" అని పేమెంట్ పేజీల్లో ఊరికే రాస్తారా? బ్యాంకుల సైట్లలో చాలాచోట్ల బ్యాక్ నొక్కితే సెషన్ కొట్టేసి బయటికి పంపుతారు. వాళ్ళందరికీ తెలివి లేకనా?

తమ్ముడూ, మొదటి నాలుగు దశలు నీ ఇష్టం. ఫీజు దశలో మాత్రం ఆపు.

పాతకాపు
"నొక్కవద్దు" అని రాశారంటే, నొక్కితే ఏమవుతుందో మాకు తెలియదు అని ఒప్పుకున్నట్టు. దొంగ వస్తాడని తలుపులే లేని ఇల్లు కట్టుకున్నట్టుంది మీ వరస. ప్రతి పేమెంట్ ప్రయత్నానికీ ఒక ప్రత్యేకమైన కీ ఇవ్వండి. అదే కీతో రెండో అభ్యర్థన వస్తే సర్వర్ డబ్బు కట్ చేయకుండా మొదటి ఫలితాన్నే తిరిగి పంపుతుంది. ఫారం పంపాక 303 అనే సర్వర్ జవాబుతో వేరే పేజీకి మళ్ళిస్తే రిఫ్రెష్ కొట్టినా మళ్ళీ పంపడం జరగదు. ఇవి పాతికేళ్ళ నాటి పద్ధతులు.

యూజర్ బ్యాక్ నొక్కకపోయినా నెట్ పోయి మళ్ళీ వస్తే ఇదే డబుల్ కట్ జరుగుతుంది. అప్పుడేం ఆపుతారు, జియో టవరా?

చారుసీసా
జియో టవర్ 😂😂

హ్యాష్‌బాబు
నా ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. # ఆ, మామూలు అడ్రసా?

బగ్గులక్క
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. "ప్రతి మార్పుకీ పుష్‌స్టేట్" అని కొత్తవాళ్ళు చదువుకుని వెళ్తే రేపు నా టేబుల్ మీదకి వచ్చేది ఆ బగ్గులే.

నేను టెస్టింగ్‌లో ఉన్నాను. ఒక సరుకుల సైట్‌లో వెతికే పెట్టెలో అక్షరం కొట్టినప్పుడల్లా హిస్టరీలో ఎంట్రీ పడేది. "కందిపప్పు" అని కొట్టి, వెనక్కి రావాలంటే అక్షరం అక్షరం వెనక్కి నడవాలి. పైగా సఫారీలో 30 సెకన్లలో 100 సార్లు దాటితే ఎర్రర్ విసిరేది. అలాంటి చోట రీప్లేస్‌స్టేట్ వాడాలి, అంటే ఉన్న ఎంట్రీనే మార్చాలి, కొత్తది వేయకూడదు. నా లెక్క సులభం. యూజర్ దాన్ని "వేరే చోటు" అనుకుంటే పుష్, "అదే చోట సర్దుబాటు" అనుకుంటే రీప్లేస్. దశలు వేరే చోట్లు. జిల్లా ఎంచుకునే జాబితా సర్దుబాటు.

పాపప్ దగ్గరే తగువు. డెస్క్‌టాప్‌లో ఎవరూ పాపప్ మూయడానికి బ్యాక్ నొక్కరు. ఆండ్రాయిడ్‌లో అందరూ నొక్కుతారు. ఫోటో కత్తిరించే పాపప్‌కి కూడా ఒక ఎంట్రీ వేయండి, లేకపోతే ఫోటో వద్దనుకున్న పిల్లవాడు దశ మొత్తం పోగొట్టుకుంటాడు. పేమెంట్‌ని ఐఫ్రేమ్‌లో పెడుతున్నారేమో కూడా చూసుకోండి. లోపల పేజీ మారితే అదీ బయటి హిస్టరీలో కలుస్తుంది.

కరీంనగర్_నెట్‌సెంటర్
నేను కోడ్ రాసేవాడిని కాదు. మా కొడుకు ఈ లింకు పంపాడు. నాది ఇంటర్నెట్ సెంటర్, అడ్మిషన్ల టైంలో పిల్లలతో కిటకిటలాడుతుంది.

పోయినసారి ఒక అప్లికేషన్ సైట్‌లో ఒక అమ్మాయిది నింపుతున్నా. చివరి తేదీ. టెన్త్ మెమోలో తండ్రి పేరు ఒక తీరు, ఆధార్‌లో ఇంకో తీరు. సరిచేద్దామని బ్యాక్ నొక్కిన. మొత్తం పోయింది. మళ్ళా మొదటి నుంచి. ఓటీపీ తండ్రి నంబరుకి పోతది, ఆయన దుబాయిలో డ్యూటీలో ఉన్నాడు. ఫోన్ ఎత్తి ఓటీపీ చెప్పేసరికి దాని టైం అయిపోయింది. రెండోసారి ఫీజు కూడా అడిగింది, మొదటిది కట్ అయినట్టు మెసేజ్ ఉన్నా సరే. ఆ రెండో ఫీజు నేను నా జేబులోంచి కట్టిన. ఏడుస్తున్న పిల్లని ఎట్లా పంపాలె?

మీరు # గురించి కొట్లాడుతున్నరు.

హ్యాష్‌బాబు
అన్నా, కొట్లాట కాదు, అది టెక్నికల్ పాయింట్. # వాడి ఉంటే మీకు ఆ బ్యాక్ పనిచేసేది కూడా.

వీకెండ్‌దేవ్
హ్యాష్‌బాబూ, ట్విట్టర్ 2010లో అడ్రస్‌లలో #! పెట్టి 2012లో తీసేసింది. అలాంటి అడ్రస్‌లు సెర్చ్‌లో దొరకడానికి గూగుల్ ఇచ్చిన స్కీముని 2015లో గూగులే వద్దంది. లాగిన్ లోపలి ఫారానికి ఏదైనా ఒకటే. ఇక వదిలెయ్ బ్రో.

ఫిన్‌టెక్_బావ
కరీంనగర్ అన్న చెప్పిందే నేనూ చెప్తున్నాను. ఆయన బ్యాక్ నొక్కాడు, డబ్బు పోయింది. బ్యాక్ ఆపి ఉంటే పోయేదా?

పాతకాపు
ఆయన బ్యాక్ నొక్కింది పేరు సరిచేయడానికి! మీరు ఆపేసి ఉంటే తప్పు పేరుతో అప్లికేషన్ వెళ్ళేది, డబ్బు మాత్రం భద్రంగా ఉండేది. మీ కంపెనీకి అదే కావాలి కదా.

ఫిన్‌టెక్_బావ
మాటలు జాగ్రత్త. నా కంపెనీ గురించి మీకేం తెలుసు?

సరే, చెప్తాను వినండి. "సర్వర్‌లో కీ పెట్టుకోండి" అని మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ సర్వర్ మాది కాదు. వేరే వెండర్‌ది. అందులో ఒక్క ఫీల్డు పెంచాలంటే చేంజ్ రిక్వెస్ట్, దానికి ఎస్టిమేట్, దానికి ఆమోదం, దానికి సెక్యూరిటీ ఆడిట్. రెండు క్వార్టర్లు పడుతుంది. ఈలోగా నా చేతిలో ఉన్నది స్క్రీన్ ఒక్కటే. తప్పు సర్వర్‌ది అని మీటింగ్‌లో చెప్తే "ముందు మీరు చేయగలిగింది చేయండి" అంటారు. నేను చేయగలిగింది బ్యాక్ ఆపడం. అది చేశాను. డబుల్ కట్ ఫిర్యాదులు తగ్గాయి. మీరు దాన్ని తెలివి తక్కువ అనండి, నాకు నిద్ర పట్టింది.

పాతకాపు
ఇదిగో, ఇప్పుడు అసలు విషయం బయటికొచ్చింది. మీరు వాదిస్తున్నది బ్యాక్ గురించి కాదు, మీ మీద నింద పడకుండా ఉండటం గురించి.

ఫిన్‌టెక్_బావ
అవును! అందులో సిగ్గేముంది? మీరు సొంత ప్రొడక్ట్‌లో పనిచేస్తున్నారు కాబట్టి సర్వర్, స్క్రీన్ రెండూ మీ మాట వింటాయి. సర్వీస్ కంపెనీలో ఇరవై ఆరేళ్ళ కుర్రాడికి క్లయింట్ ఒక మాట చెప్తే, "సార్, 2005లో ఏం జరిగిందంటే" అని మొదలుపెట్టమంటారా?

బగ్గులక్క
అండీ, ఫిన్‌టెక్ గారి మాటలో ఒక నిజం ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నెట్ సెంటర్‌లో ఒకే కంప్యూటర్ మీద ఒకరి తర్వాత ఒకరు కూర్చుంటారు. మొదటి అమ్మాయి లాగౌట్ చేసి లేస్తుంది. తర్వాతి అబ్బాయి బ్యాక్ నొక్కితే ఆమె ఫోటో, ఆధార్ నంబరు కనపడతాయి. ఎందుకంటే బ్రౌజర్ వెనకటి పేజీని ఉన్నదున్నట్టు మెమరీలో దాచుకుంటుంది. ఫైర్‌ఫాక్స్ 2005 నుంచీ చేస్తోంది, క్రోమ్ ఫోన్లలో 2020లో, కంప్యూటర్లలో 2021లో మొదలుపెట్టింది. దీన్ని చూసి భయపడే బ్యాంకులవాళ్ళు బ్యాక్ మీద పడతారు.

కరీంనగర్_నెట్‌సెంటర్
ఇది నిజం. నేను కళ్ళారా చూసిన. అందుకే ప్రతి పిల్ల లేచినంక బ్రౌజర్ మూసేసి మళ్ళా తెరుస్తా.

పాతకాపు
దీనికి ఒప్పుకుంటాను, కానీ మందు ఇక్కడా బ్యాక్ ఆపడం కాదు. లాగౌట్ అయినప్పుడు స్క్రీన్ మార్చి ఊరుకోకుండా పేజీ మొత్తాన్ని కొత్తగా తేవాలి, అదీ హిస్టరీలో పాత ఎంట్రీ మిగలకుండా చేసే లొకేషన్ రీప్లేస్‌తో. సొంత వివరాలున్న పేజీలకి "దాచుకోవద్దు" అని బ్రౌజర్‌కి చెప్పే నో-స్టోర్ హెడర్ పంపాలి. పేజీ కనపడగానే వచ్చే పేజ్‌షో ఈవెంట్‌లో "పర్సిస్టెడ్" (మెమరీలోంచి వచ్చిన పేజీ) నిజమని వస్తే లాగిన్ ఇంకా ఉందా అని మళ్ళీ అడగాలి. ఇందులో హెడర్ ఒక్కటే సర్వర్ పని. ఫిన్‌టెక్ గారి చేతిలో ఉన్న స్క్రీన్‌లోనే మిగతాది అయిపోతుంది.

కొత్తకోడ్_బెజవాడ
ఇంత చర్చ జరుగుతుందనుకోలేదు. దశలకి అడ్రస్‌లు ఇచ్చేశాను, బ్యాక్ ఇప్పుడు ఒక్కో దశ వెనక్కి వస్తోంది. నింపినవి పోకుండా లోకల్‌స్టోరేజ్‌లో (బ్రౌజర్ లోపలి నిల్వ) దాచాను. బయటికి పోతుంటే బిఫోర్‌అన్‌లోడ్‌తో హెచ్చరిక కూడా పెట్టాను.

బగ్గులక్క
లోకల్‌స్టోరేజ్ వద్దు! ఇప్పుడే కదా నెట్ సెంటర్ గురించి చెప్పుకున్నాం. బ్రౌజర్ మూసినా అది పోదు. ఒకరి ఆధార్ ఇంకొకరి ఫారంలో ప్రత్యక్షమవుతుంది. డ్రాఫ్టు సర్వర్‌లో దాచండి, కుదరకపోతే ట్యాబ్ మూస్తే పోయే సెషన్‌స్టోరేజ్, అది కూడా సబ్మిట్‌కీ లాగౌట్‌కీ తుడిచేయాలి. ఒకే ట్యాబ్‌లో వరసగా పది మందివి నింపుతారు వాళ్ళు. బిఫోర్‌అన్‌లోడ్‌ని ఫోన్లలో నమ్ముకోవద్దు, చాలాసార్లు రాదు. వచ్చినా మీరు రాసిన మాట చూపించదు, బ్రౌజర్ తన మాటే చూపిస్తుంది.

కొత్తకోడ్_బెజవాడ
సరే అక్కా, మారుస్తాను. సర్వర్‌లో డ్రాఫ్టు అడిగాను, ఈ సీజన్‌కి కుదరదన్నారు. పేమెంట్ కీ సంగతీ అంతే, "గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసే సర్వీసు) చూసుకుంటుంది" అన్నారు. క్లయింట్ మాత్రం ఫీజు దశలో బ్యాక్ ఆపాల్సిందే అంటున్నాడు.

ఫిన్‌టెక్_బావ
ఇప్పుడు అర్థమైందా పాతకాపు గారూ?

తమ్ముడూ, ఒకటి చెయ్. పేమెంట్ మొదలైనట్టు ఎక్కడో ఒకచోట నమోదు అవుతుంది కదా, ఆర్డర్ నంబరు వస్తుంది. యూజర్ వెనక్కి వచ్చి మళ్ళీ ఫీజు దశకి చేరితే, బటన్ చూపించే ముందు ఆ పాత ఆర్డర్ స్థితి అడుగు. కట్టేసి ఉంటే రసీదు చూపించు. తేలకపోతే "బ్యాంకు నుంచి జవాబు రాలేదు, మళ్ళీ కట్టకండి" అని చూపించు. స్థితి అడిగే దారి గేట్‌వేలు మామూలుగా ఇస్తాయి. "కీ ఈ సీజన్‌కి కుదరదన్నారు" అన్నది మెయిల్‌లో రాయించుకో, ఫోన్ మాట చెల్లదు.

పాతకాపు
ఆర్డర్ స్థితి అడగడం మంచి మాట. అది చేశాక బ్యాక్ ఆపడం దేనికి?

ఫిన్‌టెక్_బావ
క్లయింట్ అడిగాడు కాబట్టి.

కరీంనగర్_నెట్‌సెంటర్
తమ్ముడూ, సబ్మిట్ అయినంక తండ్రి పేరు తప్పుంటే సరిచేసే దారి ఉందా మీ దాంట్లో? అది లేకుంటే మీరు బ్యాక్ ఆపినా ఆపకున్నా నాకు ఒకటే. టెస్ట్ లింకు ఉంటే పంపు, మా సెంటర్‌లో పాత ఫోన్లు చాలా రకాలున్నయి, నొక్కి చూసి చెప్తా.

కొత్తకోడ్_బెజవాడ
ఎడిట్ ఆప్షన్ ప్లాన్‌లో లేదన్నా. రేపు మీటింగ్‌లో అడుగుతాను. లింకు మీకు మెసేజ్‌లో పంపుతున్నాను.