కనుమ విందు: రొయ్యల పాస్తా ఎవరెవరు ఏం చేద్దాం?

వంటల బాధ్యత (హైదరాబాద్ నుంచి):
అందరికీ నమస్కారం. డబ్లిన్‌లో మన విందుకి 60 మందికి రొయ్యల పాస్తా అనుకున్నాం కదా. సెలవుకి అమ్మ దగ్గరకొచ్చాను, నిన్న ఇంట్లోనే చేసి చూశాను. రాంనగర్ చేపల మార్కెట్‌లో తలలతో ఉన్న రొయ్యలు కిలో కొన్నాను. ఒలిచాక అరకిలో మిగిలాయి. తలలు, పొట్టు మాత్రం పారేయొద్దు. నూనెలో ఎర్రగా వేయించి, నీళ్ళు పోసి 20 నిమిషాలు మరిగించి వడకడితే సాస్‌కి కావలసిన రుచంతా అందులోనే ఉంటుంది. అది ముందురోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు.

పాస్తా, రొయ్యలు మాత్రం ముందే వండకూడదు. నిన్న మధ్యాహ్నం రెండూ కలిపి, నాన్న వచ్చేదాకా గంటసేపు మూతపెట్టి ఉంచాను. పాస్తా సాస్ పీల్చేసుకుని ముద్దయింది, రొయ్యలు రబ్బరులా సాగాయి. నాన్న ఏమీ అనకుండా తిన్నారు. నాకే మనసొప్పక రాత్రి మళ్ళీ చేశాను. ఈసారి రొయ్యల్ని వెల్లుల్లి నూనెలో 2, 3 నిమిషాలే ఉంచి, రంగు తిరిగి కొడవలిలా వంగగానే తీసేశాను. సున్నాలా చుట్టుకున్నాయంటే ఎక్కువ ఉడికినట్టే. పాస్తాని కాస్త పలుకు ఉండగానే తీసి సాస్‌లో వేసి, ఆ ఉడికిన నీళ్ళు ఒక గరిటె పోశాను. అమ్మ అలవాటుగా గంజి వార్చినట్టు పారబోయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను! ఆ గంజే సాస్‌ని పాస్తాకి పట్టిస్తుంది.

అందుకని 12 మందికో వాయి, మొత్తం 5 వాయిలు. వాయికి కిలో పాస్తా, 10 లీటర్ల నీళ్ళు, 100 గ్రాముల ఉప్పు.

సరుకుల బాధ్యత:
అక్కా, ఒలిచిన ఫ్రోజెన్ రొయ్యలు 6 కిలోలు తెచ్చేస్తే పని తగ్గుతుంది కదా?

వంటల బాధ్యత:
అప్పుడు పొట్టు ఉండదు తమ్ముడూ. ఒలిచినవి 5 కిలోలు, తలలతో ఉన్నవి 2 కిలోలు తీసుకో. ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలో కరగనివ్వు. వేసేముందు తడి లేకుండా తుడవాలి, లేకపోతే వేగవు, నీళ్ళలో ఉడుకుతాయి.

పేర్ల నమోదు:
మా పాపకి రొయ్యలు పడవండీ. ఒకసారి పెదాలు వాచి ఆస్పత్రికి పరుగెత్తాం. ఇంకెవరికైనా ఉందేమో ఫారంలో అడుగుతున్నాను.

వంటల బాధ్యత:
తప్పకుండా అడగండి వదినా. పడనివాళ్ళకీ, శాకాహారులకీ టమాటా పాస్తా వేరే పొయ్యి మీద, వేరే గిన్నె, వేరే గరిటెతో ముందుగా వండి, వేరే బల్ల మీద పెడదాం. పాపకి వడ్డించేది నేనే చూసుకుంటాను. 15 లీటర్ల గిన్నెలు రెండు కావాలి, ఎవరింట్లో ఉన్నాయో ఆదివారంలోగా చెప్పండి.