పాత సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లు, టై-ఇన్ నవలలు: మళ్లీ చదవాలంటే ఏ వరుసలో?

ధూమకేతు:
ఇ.ఇ. స్మిత్ లెన్స్‌మన్, ఐజాక్ అసిమోవ్ ఫౌండేషన్ సిరీస్‌లు మళ్లీ మొదటి నుంచి చదువుదామని ఉంది. ఆ తర్వాత స్టార్ వార్స్, స్టార్ ట్రెక్ పాత టై-ఇన్ నవలలు (సినిమా, టీవీ కథల ఆధారంగా రాసినవి). కథాకాలం ప్రకారం వెళ్లాలా, అచ్చయిన వరుసలోనా? స్టార్ వార్స్ పాత నవలల్ని అధికారిక కథలో భాగం కాదంటూ 'లెజెండ్స్' అని పక్కన పెట్టేశారు కదా, వాటిని ఇప్పుడు పట్టుకోవడం దండగా? ఇంకోటి, డెబ్బైల నాటి పేపర్‌బ్యాక్‌లు తెరిస్తే వెన్ను చిట్లుతోంది, పేజీలు ఊడొస్తున్నాయి. దీనికేమైనా మార్గం ఉందా?

రెండోముద్రణ:
అచ్చయిన వరుసే అండి. లెన్స్‌మన్‌కైతే ఇది మరీ ముఖ్యం. సిరీస్‌లో ఒకటో నంబరు 'ట్రైప్లానెటరీ'కి వేస్తారు, చాలామంది అక్కడే బోల్తా పడతారు. అది 1934లో అమేజింగ్ స్టోరీస్ పత్రికలో విడి సీరియల్‌గా వచ్చింది, అప్పటికి లెన్స్‌మన్ అన్న మాటే లేదు. 1948లో పుస్తకంగా వేసేటప్పుడు ఇ.ఇ. స్మిత్ దానికి ముందు కొత్త అధ్యాయాలు చేర్చి సిరీస్‌కు అతికించాడు. తెర వెనక నుంచి కథ నడిపే ఎరీషియా, ఎడోర్ గ్రహజాతుల గుట్టంతా ఆ అధ్యాయాల్లోనే విప్పేశాడు. అసలు సిరీస్ 1937లో 'గెలాక్టిక్ పెట్రోల్'తో మొదలైంది. శత్రుకూటమి బాస్కోన్ వెనక ఎవరున్నారో అందులో కథానాయకుడు కిన్నిసన్‌కు తెలియదు. ఒకణ్ని ఓడించాక వాడి పైవాడు బయటపడతాడు, వాణ్ని ఓడిస్తే వాడి పైవాడు. ఆ నవలల్ని నడిపించేది ఇదే. గుట్టు ముందే తెలిస్తే మిగిలేది పేలుళ్లే.

కాబట్టి గెలాక్టిక్ పెట్రోల్, గ్రే లెన్స్‌మన్, సెకండ్ స్టేజ్ లెన్స్‌మెన్, చిల్డ్రన్ ఆఫ్ ది లెన్స్ ఈ వరుసలో చదవండి. ట్రైప్లానెటరీ, ఫస్ట్ లెన్స్‌మన్ చివరికి.

ఫౌండేషన్ కూడా అంతే. 1951, 52, 53లో వచ్చిన మూడు పుస్తకాలు ముందు, తర్వాత 1982, 1986 నాటి రెండు, ఆఖరున 1988, 1993 నాటి ప్రీక్వెల్స్. ప్రీక్వెల్స్‌లో మొదటిదైన 'ప్రెల్యూడ్ టు ఫౌండేషన్' కథాకాలంలో ముందుదే కానీ, దాంతో మొదలుపెడితే 'ఫౌండేషన్ అండ్ ఎర్త్' ముగింపు చప్పబడిపోతుంది. ఎందుకో చెప్తే మళ్లీ ఆ ముగింపే చెప్పినట్టవుతుంది.

ఒక్క మాట. మొదటి మూడూ 1942–50 మధ్య ఆస్టౌండింగ్ పత్రికలో విడివిడిగా వచ్చిన కథల కూర్పు. ఒక్క 'ది సైకోహిస్టారియన్స్' భాగాన్ని మాత్రం పుస్తకం కోసం కొత్తగా రాశారు. పత్రిక పాఠకుడికి గుర్తుచేయడానికి పెట్టిన 'జరిగిన కథ' అలాగే ఉండిపోయింది. ఏకబిగిన చదివితే చెప్పిందే చెప్తున్నట్టు విసుగొస్తుంది. రోజుకో భాగం చాలు. మొదటి పుస్తకంలో ఆడమనిషి దాదాపు కనిపించదు, ముఖ్యమైన స్త్రీపాత్ర బేటా వచ్చేది రెండోదాంట్లో. ఆ కాలపు పత్రికల తీరు అది, సిద్ధపడి వెళ్లండి.

కక్ష్య_కాగితాలు:
టై-ఇన్‌ల సంగతి నేను చెప్తాను. ప్రతి పుస్తకం మొదట కాపీరైట్ ఏడాది చూసి, ఆనాటికి ఏ సినిమా వచ్చిందో, ఏది రాలేదో గుర్తుపెట్టుకోండి. సగం చిరాకు పోతుంది. స్టార్ వార్స్ నవల 'స్ప్లింటర్ ఆఫ్ ది మైండ్స్ ఐ' 1978ది. మొదటి సినిమా పెద్దగా ఆడకపోతే తక్కువ ఖర్చులో రెండోది తీయడానికి పనికొచ్చేలా రాయించారు, అందుకే కథంతా పొగమంచు కమ్మిన గ్రహం మీద నడుస్తుంది. హాన్ సోలో లేడు, ల్యూక్–లేయాల మధ్య ఆకర్షణ ఉంది. వాళ్లు అన్నాచెల్లెళ్లన్నది తెర మీద తేలింది 1983లో మరి.

స్టార్ వార్స్‌లోనే థ్రాన్ అనే సేనాని మీద నడిచే మూడు నవలలు, థ్రాన్ త్రయం, 1991–93 నాటివి. క్లోన్ యుద్ధాల గురించి అందులో చెప్పినవి 2002 సినిమాతో పొసగవు, పొసిగించాలని చూడకండి. 2014 ఏప్రిల్ 25న 'లెజెండ్స్' ముద్ర పడినా ఈ మూడింటికీ పోయిందేమీ లేదు. వాటి కథ వాటిలోనే ముగుస్తుంది.

స్టార్ ట్రెక్‌లో ఎనభైల నాటి నంబర్ల నవలలు చాలావరకు విడి కథలు. నంబరు పట్టించుకోకుండా నచ్చింది తీసుకోండి. ఓడ నడిపే సులు పాత్రకు 'హికారు' అన్న పేరు 1981 నాటి 'ది ఎంట్రొపీ ఎఫెక్ట్' నవల నుంచే వచ్చింది, తెర మీద వినిపించింది 1991లో. వరుస తప్పకూడనిది 2001లో 'అవతార్'తో మొదలైన డీప్ స్పేస్ నైన్ నవలలకు, 2008 'డెస్టినీ' త్రయానికి. ఆ ప్రపంచాన్ని 2021లో 'కోడా' మూడు పుస్తకాలతో మూసేశారు. పొరపాటున కోడా ముందు తెరిస్తే ఎవరు ఎందుకు చస్తున్నారో కూడా అర్థం కాదు.

ఇక సినిమా నవలీకరణలు. స్క్రిప్టు చేతికివ్వగానే రాయాలి, ఎడిటింగ్ అయ్యేదాకా ఆగరు. 1979 'ఏలియన్' నవలలో ఓడ కెప్టెన్ డాలస్ ఆ జీవి గూటిలో చిక్కుకున్న దృశ్యం ఉంటుంది. దాన్ని చిత్రీకరించి కత్తిరించారు, 2003 వెర్షన్‌లో మళ్లీ కలిపారు. '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' మామూలు నవలీకరణ కాదు, సినిమాతో పాటే రాసింది. నవలలో ప్రయాణం శనికి, సినిమాలో గురుగ్రహానికి. 1982లో వచ్చిన '2010' నవల సినిమా దారినే పట్టింది. రెండు నవలలూ వెంటవెంటనే చదివితే గ్రహం మారిపోయిందేమిటని తికమకపడతారు.

జిగురుసీసా:
వెన్ను చిట్లడానికి కారణం జిగురు ఎండి పెళుసెక్కడం. పుస్తకాన్ని బల్ల మీద పూర్తిగా పరచవద్దు, 90 డిగ్రీలకు మించి తెరవకుండా చేత్తో పట్టుకుని చదవండి. కొత్త పుస్తకాలకు చేసినట్టు ముందు నుంచి, వెనక నుంచి కొన్ని పేజీలు నొక్కి వెన్ను వదులు చేయడం వీటికి పనికిరాదు, అదే పగుల్చుతుంది.

ఊడిన పేజీకి సెల్లో టేపు అస్సలు వద్దు. కొన్నేళ్లకు టేపు రాలిపోయి, జిగురు మాత్రం కాగితంలోకి దిగి పసుపు మరకై కూర్చుంటుంది. ఆమ్లం లేని పీవీఏ తెల్ల జిగురు తీసుకుని, పేజీ లోపలి అంచున 1–2 మిల్లీమీటర్ల మేర సన్న కుంచెతో పలచగా రాయండి. పేజీని లోపలిదాకా తోసి, మిగతా అంచులతో సరిచూసి, రెండు పక్కలా మైనపు కాగితం పెట్టి, బరువు కింద ఒక రాత్రి ఉంచండి. జిగురు ఎక్కువైతే పక్క పేజీ కూడా అంటుకుంటుంది, అక్కడే చాలామంది పుస్తకం పాడుచేస్తారు.

గోధుమరంగు పోదు. చవక కాగితంలోని లిగ్నిన్ గాలి, వెలుగు తగిలి మారిన రంగు అది. ఎండలో పెడితే ఇంకా ముదురుతుంది.

ధూమకేతు:
చాలా సాయం చేశారండి. ట్రైప్లానెటరీ పత్రికలో వచ్చిన పాత రూపం దొరుకుతుందా?

రెండోముద్రణ:
ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా ఉంది. కావాలంటే దాన్ని మొదట చదవొచ్చు, గుట్టు బయటపడదు. పాతవాటి ఈ-బుక్‌లు ఎక్కడ తీసుకున్నా ఒకటి చూసుకోండి: స్కాన్ చేసినప్పుడు దృశ్యాల మధ్య ఖాళీ వరుస తరచూ ఎగిరిపోతుంది. పేరా మధ్యలో ఓడ మారి, మాట్లాడే మనిషి మారితే రచయితను తిట్టుకోకండి.